కళకు విడిది యెక్కడ?

పట్టణములలోని కళాభిమానుల నోట నిటీవల నొక క్రొత్తమాట తఱచుగా వినవచ్చుచున్నది. ఆర్టిస్టు రెసిడెన్సీ యట! రెసిడెన్సీ యనగానే హైదరాబాదువారికి కోఠిలోని బ్రిటిషు రెసిడెంటు సౌధము జ్ఞప్తికి వచ్చును. ఆ సౌధప్రాంగణము నేడు చాకలి ఐలమ్మ పేరు దాల్చిన మహిళా విశ్వవిద్యాలయమునకు నెలవైనది గనుక ఆ పాతయర్థమును మఱచిపోవచ్చును. ఈ క్రొత్త రెసిడెన్సీ వేఱు. కవియో నర్తకియో చిత్రకారుడో యొక యూర గొన్ని వారములు మకాముండి, ఇంటిచింతలు విడిచి తన పనిలో మునుగుటకును, ఆ యూరివారికి గొంత నేర్పి వారివలన గొంత నేర్చుకొనుటకును గావింపబడు ఏర్పాటునకు ఈ పేరు పెట్టినారు. కదలిక, కవిత్వము, కాయము అను మూటికి గల పొత్తును గ్రామజనుల నడుమ గూర్చుండి పరిశీలింపవలెననుట వారిలో గొందఱి యాశయము. ఆశయము మంచిది. ఇట్టిది పరిగివంటి చిన్నపట్టణమున జరుగవలసిన యెడల ఎట్లు జరుగవలెను, ఎవరు అతిథులు, ఎవరు ఆతిథేయులు అను ప్రశ్నను మాత్రము మన పఠనమందిరములవారు ముందుగా విచారింపవలసి యున్నది.

పశ్చిమదేశములలో నిట్టి నివాసములు చిరకాలముగా గలవు. ఫ్రెంచిరాజు 14వ లూయీ 1666లో రోము నగరమున దన దేశపు చిత్రకారులకును శిల్పులకును ఒక విద్యాలయమును నివాసముతోగూడ నేర్పఱచెను. అమెరికాలో 1907లో మెక్‌డోవెల్ దంపతులు అడవి నడుమ కుటీరములు గట్టించి సంగీతకారులకును కవులకును విడిది యొసగిరి. మన దేశమున ఉదయశంకరుడు అల్మోడా కొండలపై 1930ల తుదిలో నృత్యకేంద్రమును నెలకొల్పి, కథకళి, భరతనాట్య, మణిపురి గురువులను ఒక్కచోట జేర్చెను. అది కొలది యేండ్లకే ధనాభావమున మూతపడినది. రాజుయొక్కయో ధనికునియొక్కయో సంచిమీద నాధారపడిన నివాసములన్నిటికి నీ భయము తప్పదు.

ఐనను కళాకారుడు ఊరికి వచ్చి విడియుట, ఊరు వానిని పోషించుట, వాడు ఊరికి దన దేహముతో గవిత్వమును జూపుట మనకు గ్రొత్తయా? తెలంగాణపు పల్లెలలో బుట్టిపెరిగినవారెవ్వరైన నీ ప్రశ్నకు నవ్వుదురు. కోతలు ముగిసి కల్లము లూడ్చిన పిదప చిందుమేళము ఊరు జొచ్చెడిది. చిందువారు మాదిగవారి నాశ్రయించి బ్రదుకు కళాజీవులు. ఒక్కొక్క కుటుంబమునకు గొన్ని గ్రామములు మిరాశీగా నేర్పడి యుండును. ఆ యూరి మాదిగవాడ వారికి విడిది నిచ్చి, గింజలును త్యాగమును ఒసగి పంపుట యాచారము. పగలు జాంబపురాణము చెప్పెడివారు. అది మాదిగకులపు పుట్టుకను, పెద్దఱికమును కీర్తించు పురాణము. రాత్రి యక్షగాన మాడెడివారు. ముఖమునకు అర్దళము పూసి, తేలికకొయ్యతో జేసి అద్దములు పొదిగిన కిరీటమును భుజకీర్తులను దాల్చి, మద్దెలకును తాళములకును సరిగా గజ్జెకాలితో నేల గొట్టుచు సారంగధరునో బాలనాగమ్మనో తెల్లవారువఱకు మన కన్నులయెదుట నిలిపెడివారు. ఇదంతయు రెసిడెన్సీ కాక మఱేమి? దరఖాస్తులు లేవు, ఎంపికసంఘము లేదు, అచ్చొత్తిన పత్రము లేదు, అంతియే భేదము.

చిందు అను మాటయే యడుగు, గంతు అను నర్థము గలది. కోపము వచ్చినవాడు చిందులు త్రొక్కుచున్నాడని నేటికిని మన మందుము. కోపమును సంతోషమును మొదట దెలుపునది కాలేయని ఆ మాట బుట్టించినవారికి దెలియును. మన పండితులకు ఛందస్సు కాగితముపై గురులఘువుల గీతలుగా గన్పట్టును. 1656లో లక్షణగ్రంథ రచనకు బూనుకొన్న కాకునూరి అప్పకవి యక్షగానమును గూర్చి చెప్పునప్పుడు రగడలను తాళములతో ముడిపెట్టినాడు. వృషభగతి రగడలో మూడును నాలుగును గలిసి యేడు మాత్రలు, అదియే త్రిపుట. ద్విరదగతిలో నైదు, అదియే జంపె. అప్పకవి యింటిపేరు గల కాకునూరు గ్రామము మనకు దూరము గాని షాద్‌నగరు ప్రాంతమున నేటికిని గలదు. ఆ గ్రంథమును జదివి పరీక్ష గెలిచిన పట్టభద్రుని లేపి, జంపెదరువు పాడుచు ఐదడుగులు వేయుమన్నచో వాడు మూడవయడుగుననే తడబడును. ఒక్క యక్షరమైన నేర్వని చిందుకళాకారుడు రాత్రి యెల్ల దాళము తప్పక త్రొక్కును. లక్షణము నొకడు తలలో దాచెను, మఱియొకడు మడమలో దాచెను. ఇరువురిలో నెవనికడ నది బ్రదికి యున్నదో పాఠకులే చెప్పవలెను.

చెర్విరాల భాగయ్యకవి యక్షగానములు తెలంగాణమున నింటింట వినబడినవి. వాని నచ్చుపుస్తకములుగా గొని చదివినవారికంటె రాత్రి యాటలో విన్నవా రధికులు. పుస్తకమున దరువు చప్పగా నుండును. అదే దరువు, నడుము వంచి యెడమచేయి చెవినానించి పాడువాని నోట విన్నప్పుడు ఊపిరి యెచ్చట విఱుగవలెనో, ప్రశ్న యెచ్చట నిలువవలెనో తెలియును. పద్యమునందలి విరామము కవి నియమించినదే యైనను దానికి నెలవు పాడువాని రొమ్ము. దేహమును విడదీసి కవిత్వమును మాత్రము బడికి బంపితిమి. బాలురు దానిని వల్లించి మఱచుచున్నారు.

దేహమన్న మనకేల యింత సంకోచము? దీనికి గారణము చెప్పవలసివచ్చినపుడు మన సంస్కరణోద్యమమును స్మరింపక తప్పదు. కందుకూరి వీరేశలింగముగారు వేశ్యానృత్యములపై గత్తి దూసినపుడు వారి యుద్దేశము స్త్రీలను బానిసత్వమునుండి విడిపించుట. 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1988లో ఆంధ్రప్రదేశమునను దేవదాసీసమర్పణమును నిషేధించు శాసనములు వెలువడినవి. అవి వెలువడక తీఱదు. ఆలస్యముగా వెలువడినవని కూడ మా యభిప్రాయము. కాని ఆచారముతోబాటు అభినయమును గూడ నవమానించితిమి. గజ్జె గట్టిన స్త్రీ తన విద్యను మనుమరాండ్రకును జెప్పక దాచుకొనవలసి వచ్చెను. 1970 ప్రాంతమున నటరాజ రామకృష్ణగారు అట్టి వృద్ధనర్తకుల నిండ్లు వెదకి, వారిని హైదరాబాదునకు బిలిపించి సదస్సు జేసి, వారి విద్యను శిష్యుల కందింపజేసిరి. జాయపసేనాని 13వ శతాబ్దమున రచించిన నృత్తరత్నావళిని, రామప్పగుడి శిల్పములను దగ్గఱ నుంచుకొని పేరిణిని పునరుద్ధరించి, 1985లో శివరాత్రినాడు ఆ గుడియందే యాడించినదియు వారే. ఆ వృద్ధస్త్రీలు మఱి పదియేండ్లు పిలువబడకున్నచో శిల్పములు మిగిలెడివి, అభినయము మిగిలెడిది గాదు.

కూచిపూడి చరిత్ర మఱియొక విధము. అచ్చట నర్తకులు బ్రాహ్మణపురుషులు. సత్యభామ వేషము గట్టినదియు వారే. వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో గతించువఱకు ఆ పాత్రకు వారే పేరు. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానీషా వారి యాటకు మెచ్చి యూరినే యొసగెనని పరంపర. 1958లో ఢిల్లీ సదస్సున ఆ నృత్యమునకు శాస్త్రీయమను గౌరవము లభింపకపోగా, ఆంధ్రులు 1959లో హైదరాబాదున సదస్సు గావించి పట్టుబట్టిరి, సాధించిరి. చిందుమేళమున స్త్రీలే స్వయముగా గజ్జె గట్టుదురు. బోధను ప్రాంతపు అందాపూరునకు జెందిన చిందు ఎల్లమ్మ యావజ్జీవము యాడి 2005లో గన్ను మూసెను. ఆమె పక్షమున నెవ్వరు ఏ సదస్సున బట్టుబట్టిరి? స్త్రీ రంగస్థలమెక్కుటను నాగరికతా చిహ్నముగా జెప్పుకొను మనము, ఆ పని తరతరములుగా జేయుచున్న కులమును ఊరిచివఱ నుంచితిమి. కళలో భేదము లేదు. కళాకారుని యిల్లున్న వీధిలో భేదము.

సురవరం ప్రతాపరెడ్డిగారు తెలంగాణమున గవులు లేరన్న నింద విని, 1934లో గోలకొండ కవుల సంచికను బ్రకటించి 354 మంది కవులను జూపించిరి. ఆ సంచిక నేటికిని మన పఠనమందిరముల యలమారలలో గౌరవముతో నున్నది. పద్యమును వ్రాసినవారి లెక్క యట్లు తేలినది. పద్యమును గాలితో నిలిపినవారి లెక్కయు మనకు గావలెను. ఏ మండలమున నెన్ని చిందుకుటుంబములు గలవు, ఎందఱికి మద్దెల వచ్చును, ఎవరికి నే కథ కంఠస్థము అనునది కలము చేత బట్టిన యే యువకుడైనను ఒక్క వేసవి సెలవులలో దన మండలము మేరకు వ్రాసి తేగలడు.

జాతీయోద్యమమునకును నాట్యమునకును ఏమి సంబంధమని యడుగువారికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారిని జూపుదుము. ఆనంద కుమారస్వామితో గలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించి 1917లో బ్రకటించినది వారే. 1921లో చీరాల పేరాల ప్రజలను పురపాలకసంఘపు పన్నులకు లోబడక ఊరు విడిచి రామనగరపు పాకలలో నెలలతరబడి నిలుచునట్లు చేసినదియు వారే. హస్తముద్రల గ్రంథమును శ్రద్ధగా దిద్దినవాడు వేలమందిని నడిపింపగలిగెను. నడక యనునది వారికి రెండు చోట్లను ముఖ్యమే.

నేటి ప్రభుత్వములు కళాకారులను మఱచినవని మేము చెప్పజాలము. నారాయణపేట జిల్లా దామరగిద్దకు జెందిన దాసరి కొండప్పకు బుఱ్ఱవీణకై 2024లో పద్మశ్రీ లభించెను. ఆ సంవత్సరమే జనగామ జిల్లా చిందుయక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకును లభించెను. సంతోషము. పండ్రెండుమెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్య 2022లో ఆ గౌరవమునే పొందెను; 2024లో గూలిపనికి బోవుచున్నాడని పత్రికలలో జదివితిమి. పతకము ఒక్కనాటిది, ఆకలి ప్రతిదినము వచ్చునది. కళాకారుని సత్కరించుట కంటె వానికి బని కల్పించుట మేలని దీనివలన మాకు దోచుచున్నది. విడిది యనుట పనియే. ఇన్నిదినములు, ఇంత కూలి, ఈ పని యని ముందుగా జెప్పి పిలుచుట యందు గల గౌరవము శాలువ యందు లేదు.

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తము. పట్టణమునుండి వచ్చు యువనర్తకి, యువకవి, తమ కాయమును దాము దెలిసికొనుటకై పల్లెకు వత్తురు. వారికి బొలము, చెఱువు, సాయంకాలపు ధూళి కావలెను. పల్లెవాడు వారికి దృశ్యములో భాగము. ఇరువది దినములు గడచిన పిదప వారు పుస్తకమును బ్రకటింతురు, చిత్రములను జూపుదురు. పల్లెకు మిగులునది శూన్యము. ఈ యాక్షేపణ సత్యము. పొలములో నాట్లు వేయు కూలిస్త్రీకి నడుమునొప్పి వలన దేహ మేమో బాగుగనే తెలిసియుండును. ఆమెకు దేహజ్ఞానము బోధింప బోవువారు ముందుగా నామె ప్రక్కన నొక పూట వంగి చూడవలెను.

రెండవ యాక్షేపణ చిందువారి యిండ్లనుండియే వచ్చునది, దీనికి బదులు చెప్పుట కష్టము. ఆ కుటుంబముల బిడ్డలు చదువుకొని యుద్యోగములు వెదకుచున్నారు. గజ్జె గట్టిన మఱుక్షణము కులము పేరు మెడకు దగులుకొనునని వారు భయపడుచున్నారు. ఈ కళ మాకు వలదన్నచో వారిని గాదనుటకు మన మెవరము? సంస్కృతిని రక్షించు భారము నొక పేదకులము వీపుననే మోపి, మన బిడ్డలను మాత్రము పరీక్షలకు బంపుట న్యాయమా? అందుచేత విడిదికి బిలువదగినవారు ఇష్టపడి వచ్చువారే. మిరాశీ పేర, ఆచారము పేర నొక్కరినైన నిర్బంధింపరాదు. నేర్చుకొనువారు అన్ని కులముల బిడ్డలును గావలెను. ఎల్లమ్మ వేషమను పేర స్త్రీని దేవతకు ముడిపెట్టు పాతవాసన యేదియు దరికి రానీయరాదు. 1988 నాటి శాసనము పుస్తకములో నుండుటకై పుట్టలేదు. కళను నిలుపుటకును బానిసత్వమును నిలుపుటకును నడుమ గల గీటును చెఱపివేయు ఉత్సాహవంతులు మనలో గొందఱు గలరు. వారితో మాకు సమ్మతి లేదు.

పరిగియే యేల? ఈ యూరు 1978కి బూర్వము హైదరాబాదు జిల్లాలోను, పిదప రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016నుండి వికారాబాదు జిల్లాకు జెందినది. జిల్లాలు మాఱినను ఊరు కదలలేదు. హైదరాబాదునుండి కొడంగలు మీదుగా విజాపురమునకు బోవు బాట యిచ్చటి మీదుగనే పోవును. వికారాబాదు, తాండూరు రైలుస్టేషన్లు దూరము గావు. తెలుగు, ఉర్దూ, తాండూరు దాటినచో గన్నడము, ఈ మూడు భాషల పాటలును ఈ ప్రాంతపు చెవులకు బరిచితములే. కోసిన పొలమున రాలిన వెన్నులను ఏఱుకొనుటను మనవారు పరిగె యేఱుట యందురు. ఊరిపేరునకును ఆ మాటకును సంబంధమున్నదని మేము చెప్పుటలేదు గాని, చేయవలసిన పని మాత్రము అట్టిదే.

కొన్ని వివరములు గూడ జెప్పుట మంచిది. కాలము మాఘమాసము. అప్పటికి గందికోత ముగియును, కూలివారికి గొంత తీఱిక, రైతునకు గొంత పైకము చేత నుండును. చలియు దగ్గును గనుక రాత్రియాటకు వృద్ధులు గూడ గూర్చుండగలరు. పండ్రెండుగురి మేళమును 21 దినములు నిలుపుట చాలును. ఉదయము బడిపిల్లలకు అడుగులు, తాళము; మధ్యాహ్నము కవులును పండితులును మేళమువారి యెదుట గూర్చుండి దరువులను వ్రాసికొనుట; మూడు రాత్రుల కొకసారి యాట. పట్టణమునుండి వచ్చు నర్తకులు, కవులు మొదటి వారము నేర్పరాదు, నేర్చుకొనవలెను. వ్రాసిన ప్రతిపుటమీదను చెప్పినవాని పేరుండవలెను. పుస్తకమైనచో దాని రాబడిలో భాగముండవలెను. ఆటకు మట్టినేల గావలెను. తాండూరు నాపరాతి పఱుపు చూచుట కింపైనను, రాత్రి యెల్ల నెగిరి దూకు కాలికి శత్రువు. ధర్మకర్తలు తమ క్రొత్త సభాభవనమును జూపవలెనను కోరికచే మేళమును రాతిపై నాడింపకుందురు గాక!

వ్యయమునకు ఒక్క ధనికుని నాశ్రయింపరాదని అల్మోడా కథ మనకు జెప్పినది. కందిపంట వచ్చినపుడు ఇంటికొక మానెడు కందులు, దుకాణమున కింతని పైకము, పఠనమందిరము చందాలో నొక పాలు. ఇట్లు కూడినది తక్కువైనను మఱు సంవత్సరము గూడ గూడును. మిరాశీపద్ధతిలో నాడు మాదిగవాడ యొక్కటియే మోసిన భారమును ఊరెల్ల బంచుకొనుటయే యిందలి మార్పు.

ఇంక మిగిలినది విడిది. మేళమువా రెచ్చట బసచేయుదురు? ఊరిచివఱ బడిపాకలోనా, బజారు నడుమ నున్న సత్రములోనా? వారికి వంట యెవరింట? వారు త్రాగు చెంబును మరల నెవరు త్రాగుదురు? సభాధ్యక్షుల పేర్లు, స్వాగతోపన్యాసములు నిర్ణయించుటకు ముందే పరిగి పఠనమందిరపు కార్యవర్గమువారు ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసి సంతకములు చేయుదురేని, మాఘమునకు ముందే మేళమునకు గబురు పంపవచ్చును.